పిట్టపోరు – పిల్లి తీర్పు

షవ్వాల్ నెలలో మా మద్రసాలో కొత్త తరగతులు మొదలవుతాయి. పుస్తకాలు కొనేందుకు ప్రతి ఏటా కొందరు విద్యార్థులను వెంటబెట్టుకొని మేము కోఠికి వెళ్తాము. ఈసారి బస్సు దిగింది మొదలు ఇద్దరు పిల్లల మధ్య వాదం నడుస్తూనే ఉన్నది. ఎక్కడో దూరాన రెండు పొరుగుదేశాలు పోరాడుకుంటున్నాయి. ఎవరి క్షిపణి ఎంత దూరం పోతుంది, ఎవరి విమానం ఎవరి విమానాన్ని కూల్చింది, చివరికి గెలిచేదెవరు అన్నదే వారి వాదం. మహిళా విశ్వవిద్యాలయం ప్రహరీ దగ్గరికి వచ్చేసరికి వాదం కాస్తా తగవుగా మారింది. ఒకడు రెండవవాని చేతిలోని పుస్తకాల సంచిని లాగి నేలకు కొట్టాడు.

మేము వారిద్దరినీ పక్కకు పిలిచి ఆ ప్రహరీ వైపు చూపించాము. “పొరుగువారు పోట్లాడుకుంటే గెలిచేదెవరని కదా మీ ప్రశ్న? దానికి జవాబు ఈ గోడ వెనుక ఉన్నది” అన్నాము. ఆనాడు ఆ పిల్లలకు నిలబడి చెప్పిన సంగతినే ఈ నెల పాఠకుల ముందు కాస్త వివరంగా ఉంచుతున్నాము.

ఖర్దా వద్ద జరిగినది

కోఠీ అంటే పెద్ద భవనం. ఈ ప్రాంతానికి ఆ పేరు తెచ్చిన భవనం బ్రిటిష్ రెసిడెన్సీ. అంటే ఈస్టిండియా కుంఫిణీ ప్రతినిధి నివసించిన సౌధం. అది ఇక్కడ ఎందుకు వెలసిందో తెలియాలంటే మనం 1795వ సంవత్సరానికి, ఇక్కడికి చాలా దూరాన నేటి మహారాష్ట్రలోని అహిల్యానగర్ (పూర్వపు అహ్మద్‌నగర్) జిల్లాలో ఉన్న ఖర్దా అనే ఊరికి వెళ్లాలి.

ఆ కాలాన దక్కనులో హైదరాబాదు నిజాం, పుణె పేష్వా పొరుగు పాలకులు. 1790లో వీరిద్దరూ కుంఫిణీతో చేతులు కలిపి మూడవ పొరుగువాడైన టిప్పు సుల్తాన్‌పై యుద్ధానికి దిగారు. 1792లో టిప్పు తన రాజ్యంలో సగం వదులుకోవలసి వచ్చింది. ఆ సగాన్ని ముగ్గురూ పంచుకున్నారు. నిజాం వాటాకు కడప ప్రాంతం వచ్చింది. పంపకం ముగిసిన మూడేళ్లకే ఇద్దరు మిత్రులు చౌత్ బకాయిల విషయంలో ఒకరిపైకి ఒకరు సేనలను నడిపించారు.

1795 మార్చిలో ఖర్దా వద్ద సేనలు ఎదురుపడ్డాయి. ఒక వింతను పాఠకులు గమనించాలి. నిజాం పక్షాన కొత్త పద్ధతిలో శిక్షణ పొందిన పటాలాలను నడిపినవాడు రేమండ్ అనే ఫ్రెంచివాడు. మరాఠాల పక్షాన సింధియా పటాలాలను నడిపిన పెరాన్ కూడా ఫ్రెంచివాడే! రణభూమి దక్కనుది, చచ్చేవారు దక్కనువారు, శిక్షకులు మాత్రం రెండు వైపులా ఒకే పరదేశంవారు.

పోరు నిజానికి ఎంతోసేపు సాగలేదు. నిజాం అలీ ఖాన్ రాత్రివేళ గందరగోళంలో వెనుదిరిగి ఖర్దా కోటలో తలదాచుకున్నారు. మరాఠాలు కోటను చుట్టుముట్టారు. లోపల నీటికీ ధాన్యానికీ కటకట ఏర్పడింది. కొద్ది దినాలకే సంధి కుదిరింది. దౌలతాబాద్ కోటతో సహా విస్తారమైన భూభాగం, సుమారు మూడు కోట్ల రూపాయలు ఇచ్చేందుకు నిజాం ఒప్పుకున్నారు. అంతకు మించిన అవమానం మరొకటి ఉన్నది. ప్రధానమంత్రి అరస్తూజాను పుణెకు బందీగా అప్పగించవలసి వచ్చింది.

మౌనంగా ఉన్నవాని లెక్క

ఈ యుద్ధంలో కుంఫిణీ ఏం చేసింది? ఏమీ చేయలేదు. అదే దాని వ్యూహం. మొన్నటి యుద్ధంలో మిత్రులం కనుక తమకు అండగా వస్తారని నిజాం ఆశించారు. గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ లెక్క వేరు. ఒప్పందం టిప్పుకు వ్యతిరేకంగా చేసుకున్నదే తప్ప మరాఠాలకు వ్యతిరేకంగా కాదు. మరాఠాలూ మిత్రులే. నిజాం పక్షాన దిగితే మరాఠాలు, టిప్పు ఒకటయ్యే ప్రమాదమున్నది. పైగా రాజ్యాలు ఆక్రమించే యుద్ధాలు వద్దని 1784లో లండన్ పార్లమెంటు చట్టమే చేసి ఉన్నది. కనుక కుంఫిణీ చేతులు కట్టుకొని కూర్చున్నది. నిజాం వద్ద ఉన్న రెండు కుంఫిణీ పటాలాలు సైతం మరాఠాలపై కత్తి ఎత్తలేదు.

తటస్థత అనేది ఒక్కొక్కప్పుడు ధర్మం, ఒక్కొక్కప్పుడు వ్యాపారం. ఇద్దరూ అలసిపోయేదాకా వేచి ఉండి, ఆ తరువాత రక్షణను అమ్మజూపేవాని మౌనం రెండవ కోవకు చెందుతుంది.

అయితే ఖర్దాతో కథ ముగిసిపోలేదు. అదే ఏడాది అక్టోబరులో యువ పేష్వా మాధవరావు పుణెలోని శనివార్‌వాడా మేడపై నుంచి పడి మరణించాడు. వారసత్వ తగాదాలు చెలరేగాయి. మరాఠా మంత్రి నానా ఫడ్నవీస్‌కు నిజాం మద్దతు అవసరమైంది. 1796 అక్టోబరులో మహాడ్ వద్ద ఒప్పందం కుదిరింది. అరస్తూజా విడుదలై స్వదేశం చేరుకున్నారు. ఖర్దాలో పోయినదానిలో చాలా భాగం మాటల ద్వారానే తిరిగి వచ్చింది. కత్తి తీసుకున్నదాన్ని రెండేళ్లు గడిచేలోగా కలం తిరిగి ఇచ్చింది. ఇందులో మూడవవాని ప్రమేయం లేదు.

భూమి తిరిగి వచ్చింది గానీ నమ్మకం తిరిగి రాలేదు. పొరుగువాడు మళ్లీ వస్తే ఎలా అన్న భయం హైదరాబాదు గుండెలో గూడు కట్టుకున్నది.

రక్షణకు కట్టిన వెల

1798లో వెల్లస్లీ గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. ఆ జూలైలో నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. ఫ్రెంచివారు భారతదేశానికి వస్తారేమోనన్న కలవరం కుంఫిణీకి పట్టుకున్నది. హైదరాబాదులో సుమారు 14 వేల మందితో ఫ్రెంచి అధికారుల సేన ఉన్నది. రేమండ్ మాత్రం ఆ మార్చిలోనే కన్నుమూశాడు. పారిస్, కైరో, కలకత్తాల చదరంగంలో హైదరాబాదు ఒక గడిగా మారిపోయింది.

1798 సెప్టెంబరు 1న సైన్య సహకార ఒప్పందం కుదిరింది. ఆరు కుంఫిణీ పటాలాలు హైదరాబాదులో ఉంటాయి. వాటి కోసం నిజాం ఏటా 24,17,100 రూపాయలు చెల్లించాలి. ఫ్రెంచి సేనను రద్దు చేయాలి. అక్టోబరు 22న ఆ సేన ఆయుధాలను రక్తం చిందకుండానే లాక్కున్నారు. ఈ ఒప్పందానికి వచ్చిన మంత్రి ఎవరో కాదు, పుణెలో బందీగా గడిపి వచ్చిన అరస్తూజాయే. ఆయనను తేలికగా నిందించలేము. బందిఖానా రుచి చూసినవాడు రక్షణ కోరుకోవడం సహజం. కాని రక్షకుణ్ణి ఇంట్లోకి పిలిచినవాడు అతణ్ణి సాగనంపే మార్గం కూడా ఆలోచించుకోవాలి. ఆ మార్గం అప్పుడు ఆలోచించబడలేదు.

1799 మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు నేలకొరిగాడు. నిజాం సేన కుంఫిణీ పక్షానే పోరాడింది. ఆ తరువాత 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందం ప్రకారం మరిన్ని పటాలాలు వచ్చాయి. వాటి ఖర్చు కింద 1792లోనూ 1799లోనూ టిప్పు నుంచి తనకు దక్కిన భూములన్నిటినీ నిజాం కుంఫిణీకి ధారాదత్తం చేశారు. అవే దత్తమండలాలు. ఈనాటి రాయలసీమలో అధికభాగం, బళ్లారి అందులోనివే. అంటే ఒక పొరుగువానిపై పోరాడి సంపాదించినదంతా మరొక పొరుగువాని భయంతో మూడవవాని పాలైంది. అంతేకాదు, ఇతర రాజ్యాలతో నిజాంకు తగవు వస్తే తీర్చే అధికారం కుంఫిణీకే దక్కింది. ‘పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చింది’ అని మన పెద్దలు ఊరికే అనలేదు.

1803 ప్రాంతంలో ఈ రెసిడెన్సీ నిర్మాణం మొదలైంది. కట్టించినవాడు కుంఫిణీ ప్రతినిధి కిర్క్‌పాట్రిక్, ఖర్చు భరించింది నిజాం ప్రభుత్వం. మరి ఖర్దా విజేతల సంగతి? 1802 డిసెంబరు 31న పేష్వా రెండవ బాజీరావు కూడా బస్సీన్‌లో అటువంటి ఒప్పందమే చేసుకున్నాడు. 1818 నాటికి పేష్వా పదవే లేకుండా పోయింది. గెలిచినవాడు 23 ఏళ్లకు రాజ్యాన్ని పోగొట్టుకున్నాడు. ఓడినవానికి సింహాసనం మిగిలింది, నిర్ణయాధికారం మిగలలేదు. 1853లో మరొక సేన ఖర్చు బాకీ పేరిట బేరారు కూడా చేజారింది.

ఈ గోడ దగ్గరే 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్‌ల నాయకత్వంలో రోహిల్లాలు రెసిడెన్సీపై దాడి చేశారు. తుర్రెబాజ్ ఖాన్ ప్రాణం కోల్పోయాడు. మౌల్వీ సాహెబ్‌ను అండమాన్‌కు పంపారు. పూర్వీకులు ఒక సంతకంతో తెరిచిన తలుపును మూయాలని రెండు తరాల తరువాతివారు ప్రాణాలొడ్డారు. అయినా అది మూతపడలేదు.

మా సహపాఠి

ఇవన్నీ పాత రాజుల ముచ్చట్లని పాఠకులు అనుకోకూడదు. 1980 సెప్టెంబరులో ఇరాన్, ఇరాక్‌ల యుద్ధం మొదలైనప్పుడు మేము బాలురము. అది సాగిన ఎనిమిదేళ్లలోనే మా మద్రసా చదువు చాలా భాగం గడిచింది. రాత్రి రేడియోలో ఉర్దూ వార్తలు విని విద్యార్థులు రెండు పక్షాలుగా చీలిపోయేవారు. కడప నుంచి వచ్చిన ఒక సహపాఠి ఇరాక్ పక్షం, మేము రెండవ పక్షం. ఒక రాత్రి మాటామాటా పెరిగి, ఆ తరువాత చదువు ముగిసేదాకా మేమిద్దరం పలకరించుకోలేదు. ఒకే దస్తర్‌ఖాన్ మీద ఎదురెదురుగా కూర్చొని తలలు దించుకొని తినేవారము.

ఆ యుద్ధంలోనూ ఇరాక్‌కు ఆయుధాలు సోవియట్ యూనియన్ నుంచీ ఫ్రాన్స్ నుంచీ వచ్చాయి. అప్పులు గల్ఫ్ దేశాలిచ్చాయి. అమెరికా ఇరాక్‌కు సమాచారం అందిస్తూనే ఇరాన్‌కు రహస్యంగా ఆయుధాలు అమ్మింది. 1988 ఆగస్టులో కాల్పులు ఆగేనాటికి లక్షలాది ప్రాణాలు పోయాయి. సరిహద్దు మాత్రం ఉన్నచోటనే ఉన్నది. మిగిలినది అప్పు. ఆ అప్పుల తగవు కూడా ఒక కారణమై 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు తనకు అప్పిచ్చిన కువైట్‌లోనే చొరబడ్డాయి.

మా సహపాఠి అప్పుడు కువైట్‌లో ఒక దుకాణంలో పని చేస్తున్నాడు. ఎడారి దాటి అమ్మాన్ చేరి, లక్షమందికి పైగా భారతీయులను తీసుకొచ్చిన ఎయిరిండియా విమానాలలో ఒకదానిలో ఒక్క సంచితో ఇంటికి తిరిగి వచ్చాడు. కబురు తెలిసి మేము కడప వెళ్లాము. సలాం చెప్పి, గెలిచిన మాట ఒక్కటీ ఎత్తకూడదని గట్టిగా అనుకున్నాము. ఆయనే అన్నాడు: “మౌలానా, ట్యాంకు వీధిలోకి వచ్చాక అది ఎవరిదని అడగబుద్ధి కాదు.” ఒక రేడియో వార్త కోసం పోగొట్టుకున్న స్నేహపు సంవత్సరాలను తలచుకొని ఇద్దరమూ చాలాసేపు మౌనంగా కూర్చున్నాము.

ఇంటింటా అడగవలసిన ప్రశ్నలు

బలహీనుడు ఏం చేయాలి, లొంగిపోవాలా అని పాఠకులు అడగవచ్చు. హిజ్రీ 6వ సంవత్సరంలో కుదిరిన హుదైబియా ఒప్పందాన్ని గుర్తు చేసుకోండి. పదేళ్లపాటు యుద్ధం వద్దని మదీనా, మక్కా వారు ముఖాముఖి కూర్చొని రాసుకున్నారు. షరతులు ఏకపక్షంగా ఉన్నాయని సహాబాల మనసులు సైతం నొచ్చుకున్నాయి. అయినా రోమునో పర్షియానో మధ్యకు పిలవలేదు. పొరుగువానితో నేరుగా చేసుకున్న సంధి చేదుగా ఉన్నా మందు వంటిది. మూడవవాడిచ్చే తీపి రక్షణకు పథ్యం జీవితకాలం ఉంటుంది.

కనుక ఇంట్లో టీవీ ముందు పిల్లలు “ఎవరు గెలుస్తున్నారు?” అని అడిగితే తల్లిదండ్రులు ఆ ప్రశ్నను మార్చి ఇవ్వాలి. ఈ ఆయుధాలు అమ్మినది ఎవరు? మౌనంగా ఉన్నవాడు దేని కోసం వేచి ఉన్నాడు? ఈ ఖర్చును రేపు ఏ తరం, ఏ రూపంలో చెల్లిస్తుంది? ఈ మూడు ప్రశ్నలూ అడగడం నేర్చిన పిల్లవాడు ఈలలు వేయడు. ఫోనులో వచ్చిన ప్రతి వీడియోనూ పదిమందికి పంపడు.

ఆ రోజు మేము చెప్పడం ముగించేసరికి సంచి విసిరినవాడే వంగి, చెదిరిన పుస్తకాలను ఏరి, దుమ్ము దులిపి రెండవవానికి అందించాడు. “హజ్రత్, మరి ఈ యుద్ధంలో రెసిడెన్సీ ఎక్కడ కడతారు?” అని అడిగాడు. మా వద్ద జవాబు లేదు. సరైన ప్రశ్న అడిగినందుకు మాత్రం సంతోషించాము.

పోరాడుకునే పొరుగువారి హృదయాలను అల్లాహ్ కలుపుగాక! మన మాట వల్ల ఏ ఇంటా ఏ తరగతిలోనూ కొత్త పోరు పుట్టకుండా కాపాడుగాక! ఆమీన్.