బొడ్డు కోసిన చేతికి సర్టిఫికెట్ ఏది?

మన తాతమ్మల కాలంలో ఊళ్ళో ఏ ఇంట్లో కాన్పు అయినా కబురు మన వాడకే వచ్చేది. మాల, మాదిగ, మంగలి, చాకలి ఆడోళ్ళే మంత్రసానులు. బిడ్డను పట్టేదీ, బొడ్డు కోసేదీ, మాయ పాతిపెట్టేదీ, మైలగుడ్డలు ఉతికేదీ వాళ్ళే. ఆ చేతుల్లో పడ్డ బిడ్డే పెద్దయ్యాక ఆ చేతులు తగిలితే తలస్నానం చేసేవాడు. ఇచ్చింది ఓ పాత చీర, నాలుగు మానికల గింజలు. అది విద్య అని ఎవరూ అనలేదు. మైల పని అన్నారు.

తర్వాత ఆసుపత్రులొచ్చాయి. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచింది. ఇలాంటి మిషన్ ఆసుపత్రుల్లో నర్సు పని నేర్చుకోను పెద్దకులాలవాళ్ళు తమ ఆడపిల్లల్ని పంపడానికి వెనకాడారు. రక్తం ముట్టుకోవాలి, పరాయి మగాణ్ణి తాకాలి, రాత్రి డ్యూటీ చెయ్యాలి. ఆ తలుపు తట్టినవాళ్ళలో క్రైస్తవం పుచ్చుకున్న మన ఇళ్ళ ఆడపిల్లలున్నారు. 1946లో భోర్ కమిటీ లెక్క తీస్తే దేశం మొత్తానికి నర్సులు ఏడువేల మంది, అంటే 43,000 మందికి ఒక్కరు. దీనికి పేదరికంతో పాటు కులం అంటగట్టిన మైల కూడా కారణమని మేమంటాం. ఇంత సేవ చేసిన ఆ నర్సమ్మల బిడ్డలకు 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హక్కు లేకుండా చేసింది. మన తెలుగు రాష్ట్రాల్లో వాళ్ళకు మిగిలింది బీసీ-సి కింద ఒక్క శాతం!

మరి ఇవాళ ఆసుపత్రిలో మనోళ్ళు ఎక్కడున్నారో చూడండి. ఊడ్చేది మనం, బెడ్‌పాన్ ఎత్తేది మనం, శవాన్ని మోసేది మనం. ఆయమ్మలు, వార్డుబాయిలు, కాంట్రాక్టు స్వీపర్లు అంటే మన వాడలే. మురికి పనిగా ఉన్నన్నాళ్ళు అది మన కులవృత్తి. జీతమూ, విదేశీ ఉద్యోగమూ కనపడ్డాక మాత్రం మెరిట్ కావాలంటున్నారు!

నర్సుల్లో మెట్లున్నాయి. ఇవి వాడలో ప్రతి తల్లికీ తెలియాలి. ఏఎన్ఎం రెండేళ్ళు, ఇంటర్ అయిన ఆడపిల్లలకు. జీఎన్ఎం మూడేళ్ళు, ఇంటర్‌లో ఆర్ట్స్ చదివినవాళ్ళు కూడా చేరొచ్చు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు, దానికి ఇంటర్‌లో బైపీసీ ఉండాలి. రిజిస్టరయిన ఏఎన్ఎం జీఎన్ఎంకు పోవచ్చు. జీఎన్ఎం అయినామె ఇంకో రెండేళ్ళు చదివి పోస్ట్ బేసిక్ బీఎస్సీ చెయ్యొచ్చు, ఆపైన ఎమ్మెస్సీ. నిచ్చెన ఉంది. కానీ ఇల్లు గడవాల్సిన ఆడమనిషి రెండేళ్ళు జీతం మానుకుని ఏం తిని చదవాలి?

ఈ ప్రశ్నకు జవాబు లేనిచోటే మోసగాళ్ళు దుకాణం పెడతారు. మా వాడ పిల్ల ఒకతె టౌనులో ఆరునెలల ‘నర్సింగ్’ కోర్సుకు అమ్మ పుస్తెలు తాకట్టు పెట్టి చేరింది. గోడకు తగిలించుకునే కాగితం ఇచ్చారు. నర్సింగ్ కౌన్సిల్లో ఆ కాగితం చెల్లలేదు. ఇప్పుడు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పన్నెండు గంటలు నిలబడుతోంది. ఇంజక్షన్ చేసేటప్పుడు సిస్టర్, జీతమిచ్చేటప్పుడు ఆయా!

ఇక ఆశా అక్కలు. 2005 నుంచి వెయ్యిమందికి ఒకరు. గర్భిణిని రాత్రిపూట ఆసుపత్రికి తీసుకుపోయేది వాళ్ళే, 2020 కరోనాలో గడపగడపకూ తిరిగింది వాళ్ళే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డిచ్చింది. సర్కారు మాత్రం వాళ్ళను ఉద్యోగులనదు, ‘స్వచ్ఛంద కార్యకర్తలు’ అంటుంది. మంత్రసానికి పాత చీర ఇచ్చిన దొరకూ, ఆశాకు ప్రోత్సాహకం ఇచ్చే సర్కారుకూ తేడా ఏమిటి?

చదివి నర్సయినా బాధ తీరడం లేదు. ప్రైవేటు నర్సుల జీతాల మీద 2016లో సుప్రీంకోర్టు చెబితే కేంద్రం కమిటీ వేసింది. 50 పడకల్లోపు ఆసుపత్రిలో కూడా నెలకు 20,000కు తగ్గొద్దనీ, 200 పడకలు దాటితే సర్కారు నర్సుతో సమానంగా ఇవ్వాలనీ ఆ కమిటీ చెప్పింది. మీ టౌనులో ఎంతమందికి ఇస్తున్నారో కనుక్కోండి.

మేం అడిగేది ఇది. ఏఎన్ఎం, జీఎన్ఎం సీట్లలో ఆశాలకూ ఆయాలకూ వాటా ఇవ్వాలి, చదివినన్నాళ్ళూ జీతమివ్వాలి. ఏళ్ళ తరబడి కాంట్రాక్టులో మగ్గుతున్న ఏఎన్ఎంలను పర్మినెంట్ చెయ్యాలి. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో బైపీసీ సీట్లు పెంచాలి. ఫీజు రీయింబర్స్‌మెంటు రాలేదని కాలేజీ సర్టిఫికెట్ పట్టుకుంటే అధికారులు ఆ కాలేజీ మీద చర్య తీసుకోవాలి.

మనం చేసుకోవాల్సిందీ ఉంది. పిల్లను చేర్చే ముందు, ఆ కాలేజీకి కౌన్సిల్ గుర్తింపు ఉందా, చదివాక రిజిస్ట్రేషన్ వస్తుందా అని రెండు ప్రశ్నలు అడగండి. సంఘం నాయకులు వెంట వెళ్ళి కాగితం చూడాలి. పదో తరగతి అయిన ప్రతి ఆడపిల్ల పేరూ రాసుకుని, ఎవరు ఏ మెట్టు ఎక్కగలరో ఈ వేసవిలోనే ఇంటింటికీ కూర్చుని మాట్లాడండి.

మన ముసలమ్మలకు పని వచ్చు, పట్టా లేదు. మన మనవరాళ్ళకు రెండూ రావాలి.