కువైట్ నీళ్ల లెక్క, కోనసీమ నీళ్ల లెక్క

కువైట్‌లో ఉండే మన వాళ్లలో చాలామందికి రౌదతైన్ అంటే నీళ్ల సీసా మీద పేరు. అది సిటీకి ఉత్తరాన, ఇరాక్ సరిహద్దు వైపున్న ఒక పల్లపు నేల అని తెలిసినవాళ్లు తక్కువ. ఏడాదికి వంద, నూటపాతిక మిల్లీమీటర్లకు మించి వాన పడని ఈ దేశంలో భూమి కింద మంచినీళ్లు దొరికేవి ముఖ్యంగా రెండే చోట్ల: రౌదతైన్, ఉమ్ అల్ ఐష్. ఎప్పుడో కురిసిన వానలు పల్లంలోకి చేరి, ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ నిలిచాయి. 1960 ప్రాంతంలో ఆ నీళ్లు బయటపడ్డప్పుడు ఇక్కడివాళ్లకు అది చమురు దొరికినంత సంబరం.

1991లో వెనక్కి వెళ్తూ ఇరాక్ సైన్యం ఆరువందలకు పైగా చమురు బావులకు నిప్పు పెట్టింది. చివరి మంట ఆరింది ఆ ఏడాది నవంబర్ 6న. టీవీల్లో కథ అక్కడితో అయిపోయింది. నేలలో మాత్రం అప్పుడే మొదలైంది. దాదాపు 300 చమురు మడుగులు, 49 చదరపు కిలోమీటర్ల మేర! మంటలార్పడానికి పోసిన సముద్రపు నీళ్లు, తర్వాత పడిన వానలు చమురులో కరిగేదాన్ని కరిగించి కిందికి దింపాయి. మంచినీటిని కూడగట్టిన ఆ పల్లమే విషాన్నీ కూడగట్టింది.

ఇక్కడ మనం గమనించాల్సింది డబ్బు సంగతి. భద్రతా మండలి 687వ తీర్మానం పర్యావరణ నష్టానికి కూడా ఇరాక్‌నే బాధ్యురాలిని చేసింది. పరిహారం తేల్చిన ఐక్యరాజ్యసమితి కమిషన్ పర్యావరణం పద్దులో మొట్టమొదట, 2001లో, సుమారు 24 కోట్ల డాలర్లు ఇచ్చింది దేనికనుకుంటున్నారు? శుభ్రం చేయడానికి కాదు, కొలవడానికి! కువైట్, సౌదీ, ఇరాన్ వగైరా దేశాలు ఆ డబ్బుతో నష్టాన్ని లెక్కగట్టుకున్నాయి. ఆ లెక్కలు చూశాకే పెద్ద మొత్తాలు మంజూరయ్యాయి. అన్ని రకాల నష్టాలకూ కలిపి ఇరాక్ 5,240 కోట్ల డాలర్లు కట్టి, 2022 జనవరిలో చివరి వాయిదా తీర్చింది. కొలత లేనిదే పరిహారం లేదు, అంతే.

కొలవడమంటే ఎవరో వచ్చి సీసా నింపుకుపోవడం కాదు. చమురు పడ్డచోటికి ఎగువన ఒక బోరు, దిగువన కొన్ని బోర్లు ఉండాలి. ఎగువది లేకపోతే కంపెనీవాడు "మీ నీళ్లు ముందునుంచీ ఇంతే" అంటాడు. గొట్టంలో నిలవున్న నీటిని తోడిపారేసి, ఉప్పుదనం, పీహెచ్ నిలకడకొచ్చాకే నమూనా పట్టాలి. బెంజీన్ ఆవిరైపోయే రకం కాబట్టి సీసాలో గాలిబుడగ కూడా ఉండకూడదు, ఐసులో పెట్టి పంపాలి. ఇదంతా ఒక్కసారి కాదు, వానకు ముందూ తర్వాతా, ఏళ్ల తరబడి. ప్రపంచ ఆరోగ్య సంస్థ బెంజీన్‌కు పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. ఆ మోతాదును ముక్కు పట్టలేదు, నాలుక పట్టలేదు.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. కువైట్‌లో ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లలో గోదావరి జిల్లాలవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. వాళ్ల ఊళ్ల మధ్యే బావులున్నాయి, పైపులైన్లున్నాయి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో లేచిన మంట 65 రోజులు మండింది. 2014లో నగరంలో పైపులైన్ పేలి ప్రాణాలు పోయాయి. అక్కడిది ప్రధానంగా గ్యాసు, కువైట్ మడుగులతో పోల్చడం సరికాదంటారు. ఒప్పుకుంటాను. కానీ గ్యాసుతోపాటు కండెన్సేట్ వస్తుంది, డ్రిల్లింగ్ బురద వస్తుంది, అవన్నీ ఎక్కడికి పోతాయి? విశాఖ మల్కాపురం పక్కన 1957 నుంచీ రిఫైనరీ నడుస్తోంది. బావి చుట్టూ బోర్ల నీటి ఫలితాలు తెలుగులో, పంచాయతీ ఆఫీసు గోడ మీద, ఏడాదికి రెండుసార్లు అంటించమని అడగడం అంత పెద్ద కోరికా? 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నియమాలు నోటిఫై చేసింది. వాటిని కదిలించాలంటే ముందు చేతిలో అంకె ఉండాలి.

మన ఎన్నారైల మీద కూడా నాకు కోపముంది. ఊరికి ఆర్‌వో ప్లాంటు అనగానే చందాలిస్తాం, రాతిపలక మీద పేర్లు చెక్కించుకుంటాం. మొన్న మా గ్రూపులో తలా యాభై దినార్లు అన్నారు. ముందు బోరు నీటి పరీక్ష రిపోర్టు చూపించండి అన్నాను. "రిపోర్టు ఎందుకన్నా, నీళ్లు తియ్యగానే ఉన్నాయిగా" అని జవాబు. బెంజీన్‌ను ఒక్క ఆర్‌వో పొర నమ్మకంగా ఆపలేదు, దానికి కార్బన్ ఫిల్టరు ఉండాలి, ఉన్నా వేళకు మార్చాలి. ఏం ఆపాలో తెలియకుండా ఏ ఫిల్టరు కొంటారు?

చందా ఇచ్చాను, ఊరివాణ్ణి కదా. ల్యాబ్ ఖర్చుకు ఇంకో యాభై విడిగా తీసిపెట్టి, బోర్లు ఎక్కడెక్కడున్నాయో, ఎంత లోతో రాసి పంపమని సర్పంచ్ గారికి కబురు చేశాను. ఇంకా జవాబు రాలేదు. ఆ మండలం వాళ్లెవరైనా ఇది చదువుతుంటే వారికి ఒకసారి ఫోన్ చేయండి.