దుబాయ్ నుంచి వాపస్ వచ్చినంక?

భైంసాలో "మీ పెద్దోడు ఏం చేస్తుండు?" అని అడిగితే చాలా ఇండ్లల్ల ఒకటే జవాబు: "దుబాయ్ పోయిండు." మస్కటైనా, సౌదీ అయినా మనకు అన్నీ దుబాయే. నెలకు ఎంత పంపుతుండో అందరూ అడుగుతారు. అరవై ఏండ్లు వచ్చినంక ఎట్ల బతుకుతడో ఎవ్వరూ అడగరు.

అక్కడ మనోళ్లకు పెన్షన్ లేదు. పని అయిపోతే వీసా కూడా అయిపోతది. చేతికి వచ్చేది గ్రాట్యుటీ ఒక్కటే. యూఏఈ చట్టం ప్రకారం మొదటి 5 ఏండ్లకు ఏడాదికి 21 రోజుల జీతం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది. అదీ బేసిక్ మీదనే, ఓవర్‌టైమ్ లెక్కలోకి రాదు. బేసిక్ 1,000 దిర్హమ్‌లైతే 10 ఏండ్ల చాకిరీకి దాదాపు 8,500 దిర్హమ్‌లు. దాంతో ముసలితనం ఎట్ల గడుస్తది?

కేరళ 2008లోనే ప్రవాసుల సంక్షేమానికి చట్టం చేసింది. కనీసం 5 ఏండ్లు చందా కడితే 60 దాటినంక పెన్షన్ వస్తది. మన దగ్గర గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబానికి 5 లక్షలు ఇస్తామని 2024లో సర్కారు చెప్పింది. మంచిదే. మరి బతికి వచ్చినోళ్ల సంగతేంది?

"ఇంటికి పంపడానికే చాలవు, ఇంక దాచేదెక్కడ?" అంటారు. నిజమే. అందుకే సర్కారు కూడా కొంత కలిపే చందా పథకం మనం అడగాలె. అది వచ్చేదాకా ఇంటోళ్లు ఒక్క పని చెయ్యొచ్చు: వచ్చిన పైసల్లో కొంచెమైనా పంపినోడి పేరు మీదనే దాచాలె. ఎన్‌పీఎస్ ఖాతా ఎన్నారైలు కూడా తెరవొచ్చు. స్లాబ్ ఇల్లు నీడ ఇస్తది, నెలనెలా మందుల ఖర్చు ఇయ్యది.