నడిబొడ్డున కొత్త వంతెన: లెక్కలోకి వచ్చేదెవరు?

గుంటూరులో శంకర్ విలాస్ బ్రిడ్జి ఎక్కని మనిషి ఉండరు. రైలు పట్టాలు ఊరిని రెండు ముక్కలు చేస్తే, ఒకవైపు బ్రాడీపేట, అరండల్‌పేట, మరోవైపు కొత్తపేట, పెద్దాసుపత్రి. ఆ రెండింటినీ కలిపింది 1958లో కట్టిన ఆ వంతెనే. పెరిగిన ఊరికి అది చాలడం లేదని ఎన్నో ఏళ్లుగా అంటున్నారు. చివరికి కేంద్రం సేతుబంధన్ పథకం కింద సుమారు 98 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2025 మేలో శంకుస్థాపన జరిగింది. ఆగస్టులో రాకపోకలు ఆపి పాత వంతెనను కూల్చే పని మొదలుపెట్టారు.

కొత్త వంతెన కావాలా వద్దా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. కావాలి. అంబులెన్సులో పెద్దాసుపత్రికి వెళ్లేవాళ్లలో మన వాళ్లే ఎక్కువ. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ముందు పోయేది మన ప్రాణమే. వంతెన చుట్టూ నడిచిన చర్చలో ఎవరి మాట వినిపించింది, ఎవరిది వినిపించలేదు అన్నదే మన ప్రశ్న.

పత్రికల్లో ఏం చదివాం? వెడల్పు ఎంత ఉండాలి, అండర్‌పాస్ ముందా వంతెన ముందా, దుకాణాల ముందు భాగం ఎంత పోతుంది, గజానికి పరిహారం ఎంత. భవనాల యజమానులు, వ్యాపారులు కమిటీలు వేసుకున్నారు, కొందరు హైకోర్టుకు వెళ్లారు. అది వాళ్ల హక్కు, తప్పు పట్టాల్సింది లేదు. కానీ అదే రోడ్డు మీద బతుకుతున్న ఇంకో గుంపు ఉంది. తోపుడు బండి మీద అరటిపళ్లు అమ్మే ఆమె, చెప్పులు కుట్టే ఆయన, ఆసుపత్రికి వచ్చిన పల్లెటూరి వాళ్లకు ఇడ్లీ పొట్లాలు కట్టిచ్చే కుటుంబం, తెల్లవారకముందే రోడ్డు ఊడ్చే మునిసిపల్ కార్మికురాలు. పరిహారం మాట వచ్చినప్పుడు వీళ్ల ప్రస్తావనే లేదు.

కారణం కష్టమైనదేం కాదు. మన పట్టణాల్లో నష్టాన్ని కొలిచే కొలబద్ద ఒక్కటే, అది పట్టా. దస్తావేజు ఉన్నవాడికి నష్టం జరిగితే దానికో ధర ఉంటుంది. దస్తావేజు లేనివాడికి జరిగితే దానికి పేరు కూడా ఉండదు. రోడ్డు వెడల్పులో స్థలం పోతే బదులుగా ఇచ్చే టీడీఆర్ బాండ్లదీ ఇదే తర్కం. స్థలం ఉన్నవాడు ఆ బాండుతో ఇంకోచోట అదనపు అంతస్తు కట్టుకోవచ్చు, లేదా అమ్ముకోవచ్చు. ఇరవై ఏళ్లు ఒకేచోట బండి నిలబెట్టిన మనిషికి బాండు రాదు, ఆ ఇరవై ఏళ్లకు విలువా రాదు. ఈ జిల్లాల్లో ఎవరి చేతిలో భూమి ఉందో, ఎవరి చేతిలో లేదో చెప్పనక్కర్లేదు. కాబట్టి పట్టా కొలబద్ద పైకి కులం ఎరగనట్టు కనిపించినా, ఫలితం మాత్రం కులం ప్రకారమే వస్తుంది.

చట్టం మాత్రం వేరే మాట చెబుతోంది

పట్టా లేనివాళ్లకు చట్టంలో చోటు లేదనుకుంటే పొరపాటు. 2013 భూసేకరణ చట్టం ‘ప్రభావిత కుటుంబం’ అంటే భూమి యజమాని ఒక్కడే అనలేదు. పట్టణ ప్రాంతంలో సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ స్థలంలో నివసిస్తున్న కుటుంబాన్నీ, సేకరణ వల్ల ప్రధాన జీవనాధారం దెబ్బతిన్న కుటుంబాన్నీ ఆ నిర్వచనంలోకి తెచ్చింది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ప్రత్యేక రక్షణలూ పెట్టింది. అయితే ఈ చట్టం కదలాలంటే ముందు ‘సేకరణ’ జరగాలి. యజమానితో మాట్లాడుకుని స్థలం తీసుకున్నా, టీడీఆర్ బాండు చేతిలో పెట్టినా, ఆ భవనంలో అద్దెకున్నవాడి సంగతి, అందులో పనిచేసేవాడి సంగతి ఎవరూ అడగరు. పైగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో ఈ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చి, కొన్ని రకాల ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయించే వీలు కల్పించుకుంది. నష్టపోయేది ఎవరో ముందుగా లెక్కించే పనికే ఆ విధంగా తలుపు మూశారు.

రోడ్డు మార్జిన్‌లో ఉన్నవాళ్లకు 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. అందులో నాలుగు ముఖ్యమైన మాటలున్నాయి. సర్వే పూర్తయి, ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఉన్నవాళ్లను తీసేయకూడదు. తీయాల్సి వస్తే ముప్ఫై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఇవ్వాలి.

ఆ చట్టమే ఇంకో లెక్క చెప్పింది. పట్టణ జనాభాలో రెండున్నర శాతం మేరకు వీధి వ్యాపారులకు చోటు చూపాలి. 2011 జనాభా లెక్కల్లో గుంటూరు నగర జనాభా సుమారు 6.47 లక్షలు. అందులో రెండున్నర శాతం అంటే పదహారు వేల పైచిలుకు. విలీన గ్రామాలనూ, ఈ పద్నాలుగేళ్ల పెరుగుదలనూ కలిపితే సంఖ్య ఇంకా పెద్దది. పదహారు వేల మందికి చోటు చూపే బాధ్యత ఉన్న నగరంలో, నడిబొడ్డున ఇంత పెద్ద నిర్మాణానికి గీసిన పటంలో వాళ్లకు ఎన్ని గజాలు రాశారు? అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

‘లోన్లు ఇచ్చాం కదా’ అని అధికారులు అనొచ్చు. 2020 నుంచి స్వనిధి కింద, రాష్ట్రంలో జగనన్న తోడు కింద పది వేల రూపాయల అప్పులు ఇచ్చిన మాట నిజం. కానీ అప్పు కాగితం వేరు, చోటు కాగితం వేరు. బండి కొనుక్కోవడానికి డబ్బిచ్చి, బండి పెట్టుకునే చోటు తీసేస్తే మిగిలేది కిస్తీ ఒక్కటే.

పట్టణం మనకు ఏమిటి?

ఇది ఒక్క వంతెన గొడవ అయితే ఇంత రాయనక్కర్లేదు. ఈ నేల మీద దళితులకు పట్టణం అంటే ఏమిటో గుర్తు చేసుకోవాలి. పల్లెను ఆదర్శంగా చూసేవాళ్లను అంబేద్కర్ 1948 నవంబర్‌లో రాజ్యాంగ సభలోనే గట్టిగా విమర్శించారు. ఆ విమర్శ నిజమని ఈ రెండు జిల్లాలు నెత్తురుతో నిరూపించాయి. 1985 జులైలో కారంచేడు మారణకాండ తర్వాత మాదిగపల్లె మొత్తం చీరాల చేరింది. చర్చి ఆవరణలో తలదాచుకుంది. తర్వాత చీరాలలోనే విజయనగర్ కాలనీ వెలిసింది. 1991 ఆగస్టులో చుండూరు తర్వాత బాధితులు తెనాలి చేరి సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో ఉన్నారు. ఊరు తరిమితే పట్టణం చోటిచ్చింది. నిజానికి చోటిచ్చింది పట్టణంలోని ఖాళీ ఆవరణలు, మిషన్ కాంపౌండ్లు, రోడ్డు పక్క నేల. అంటే, ఎవరి పట్టా అని ఎవరూ వెంటనే అడగని జాగాలు.

గుంటూరు నడిబొడ్డున అలాంటి జాగాలు చాలానే ఏర్పడ్డాయి. 1842లో ఫాదర్ హేయర్ వచ్చిన నాటి నుంచి లూథరన్ మిషన్ ఇక్కడ బడులు పెట్టింది, 1885లో కాలేజీ పెట్టింది. డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచింది. సొంత ఊళ్లో మంచినీళ్ల బావి దగ్గరికి కూడా రానివ్వని మనుషులకు నగరం మధ్యలో పుస్తకం దొరికింది, మందు దొరికింది. ఇవాళ ఏ పట్టణంలో చూసినా మిషన్ స్థలాలకు వాణిజ్య విలువ పెరిగిపోయింది. లీజులు, కాంప్లెక్సులు, కోర్టు తగాదాలు సంఘస్తులకు కొత్త కాదు. ఆ స్థలాలు కాగితం మీద సంస్థలవి కావచ్చు. కానీ అవి ఎవరి కోసం ఇచ్చినవి అన్న ప్రశ్నకు జవాబు మాత్రం ఆ చర్చిల బెంచీల మీద కూర్చునే దళిత క్రైస్తవులే.

ఇప్పుడు మిర్చి, పత్తి, పొగాకు మీద మిగిలిన డబ్బు, దాని మీద రాజధాని ఆశ తోడై, పట్టణాల మధ్యలో పాత పెంకుటిళ్లు పడి అపార్ట్‌మెంట్లు, ఆసుపత్రులు, షోరూములు లేస్తున్నాయి. పేదలకు ఇల్లు మాత్రం ఊరి అంచున. గుంటూరు పేదలకు టిడ్కో ఇళ్లు కట్టింది అడవితక్కెళ్ళపాడులో. 300 చదరపు అడుగుల ఇల్లు చిన్నదే అయినా సొంత ఇల్లే, దాన్ని తక్కువ చేయను. కానీ తెల్లవారుజామున నాలుగున్నరకు బ్రాడీపేటలో చీపురు పట్టాల్సిన మనిషికి, ఆరింటికి మార్కెట్లో సరుకు ఎత్తాల్సిన మనిషికి ఆటో ఖర్చు జీతంలోంచే పోతుంది. పని నడిబొడ్డున, పడక అంచున. ఊరూ వాడా అన్న పాత గీతను పట్టణం కొత్తగా గీసుకుంటున్న తీరు ఇది.

అడగాల్సినవి

ఒకటి, కూల్చివేతకు ముందు జీవనోపాధి లెక్క తీయాలి. ఇప్పటికే కూల్చిన చోట వెనక్కి వెళ్లి తీయాలి. పండ్ల బండ్ల మీద, పారిశుధ్యంలో రెల్లి, మాదిగ కుటుంబాలు ఎన్నో తేల్చాలి. ఉపకులాల లెక్కలు ముందు పెట్టుకుని 2025 ఏప్రిల్‌లో వర్గీకరణ ఆర్డినెన్స్ తెచ్చిన ప్రభుత్వానికి ఒక కిలోమీటరు రోడ్డు మీద మనుషుల్ని లెక్కపెట్టడం కష్టం కాదు.

రెండు, పని నడిచే నెలలకు బతుకుదెరువు భత్యం ఇవ్వాలి. వంతెన పూర్తయ్యాక దాని కింద, పక్కన వచ్చే నేలలో మొదటి హక్కు పాతవాళ్లకు ఇవ్వాలి. ఆ మాటను పని మొదలయ్యేటప్పుడే కాగితం మీద పెట్టాలి. తర్వాత చూద్దాం అంటే అక్కడ పే-పార్కింగ్ బోర్డు లేస్తుంది.

మూడు, వెండింగ్ కమిటీ సభ్యుల పేర్లు, సర్వే జాబితా, కమిటీ తీర్మానాలు వార్డు సచివాలయాల్లో అంటించాలి.

నాలుగు, సబ్‌ప్లాన్ లెక్క. 2013 ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం, విడదీయలేని మౌలిక వసతుల ఖర్చులో కొంత భాగాన్ని ఎస్సీల కోసం చేసిన ఖర్చుగా చూపించే వీలు ఇస్తోంది. రోడ్డు అందరిదీ కదా అన్నది దాని వాదన. అందరిదీ అయితే మంచిదే. అలాంటప్పుడు పట్టణాల్లో జరిగే ఏ నిర్మాణాల నుంచి ఎంత మొత్తం మన ఖాతాలో రాస్తున్నారో పని వారీగా బయట పెట్టాలి. ఒకే పని పేరున దళితుల బండి తీసేసి, దళితుల ఖాతాలో ఖర్చూ రాస్తే అది రెండు వైపులా నష్టం.

ఐదు, కొత్త రోడ్డు కింద వచ్చే డ్రైనేజీని మనిషి దిగాల్సిన అవసరం లేకుండా కట్టాలి. మురుగు గుంతలో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లో చెప్పింది. డిజైన్ దశలో చేయాల్సిన పని చేస్తే ఆ 30 లక్షలు ఇచ్చే అవసరమే రాదు.

వీటిలో కొత్త చట్టం కావాల్సింది దాదాపు ఏదీ లేదు. కావాల్సింది మన సంఘాలు పట్టణ ప్రణాళికను కూడా మన సమస్యగా తీసుకోవడం. అసైన్డ్ భూమి మీద, దాడుల మీద, రిజర్వేషన్ మీద పోరాడినంతగా మాస్టర్ ప్లాన్ మీద, రోడ్డు వెడల్పు నోటీసు మీద మనం మాట్లాడలేదు. ఆ నోటీసుకు అభ్యంతరాలు చెప్పే గడువు మన కంట పడకుండానే ముగుస్తుంది.

రేపు ఒంగోలులో, నరసరావుపేటలో, చిలకలూరిపేటలో ఇదే జరుగుతుంది. అక్కడా రోడ్డు వెడల్పవుతుంది, వంతెన లేస్తుంది, రిబ్బన్ కట్ చేస్తారు. కొత్త వంతెన మీద వెళ్లే హక్కు మనకు ఎలాగూ ఉంటుంది. దాని కింద నిలబడి బతికే హక్కు ఉంటుందా అన్నది కాంక్రీటు పోయకముందే తేలాలి.