మంచుకొండకి షిఫాన్ చీరా?

మంచుకొండల్లో హీరోయిన్ పల్చటి షిఫాన్ చీరలో ఆడిపాడుతుంటే "అబ్బ, ఎంత హాయో!" అనుకుంటాం. షాట్ అయిపోగానే ఎవరో పరుగెత్తుకొచ్చి ఆమెకి శాలువా కప్పుతారు. కొండెక్కే మనకి 'కట్' చెప్పేవాళ్లెవరూ ఉండరు!

ఈ సంగతి నాకు ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ఎక్కబోయినప్పుడు తెలిసొచ్చింది. ఎత్తు సుమారు 12,500 అడుగులు. నేనేమో హీరోలా జీన్సు, లోపల కాటన్ బనీను, కొత్త బూట్లు! నడుస్తుంటే చెమట పట్టింది. ఆగానో లేదో, ఆ తడి బనీనే ఐసుముక్కలా వీపుకి అంటుకుంది. వణుకు మొదలైంది. మాట ముద్దముద్దగా వచ్చింది. ఒళ్లు ప్రమాదంగా చల్లబడుతోందనడానికి అదే గుర్తు! గైడు గబగబా పొడిబట్టలు మార్పించి కిందికి దించేశాడు. శిఖరం చూడనేలేదు.

అందుకే చెబుతున్నా. నూలుబట్ట చెమట పీల్చుకుంటుంది, తొందరగా ఆరదు. ఒంటికి తగిలేది ఉన్నిదో, పాలియెస్టర్‌దో వేసుకోండి. దానిమీద ఫ్లీసు, ఆపైన గాలినీ తడినీ ఆపే జాకెట్టు. ఎక్కేటప్పుడు ఒకటి విప్పండి, ఆగగానే తొడుక్కోండి. టోపీ, చేతి తొడుగులు, ఇంకో జత ఉన్ని మేజోళ్లు ఉండాలి. చలువ కళ్లజోడు షోకు కాదు, మంచుమీది ఎండ కళ్లని దెబ్బతీస్తుంది. బూట్లు నెలముందే కొని ఊళ్లోనే తొడిగి తిరగండి.

నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె కథతో 2017లో 'పూర్ణ' సినిమా వచ్చింది. దొరికితే చూడండి. మంచులో ఆ పిల్ల ఒంటిమీద ఏమేం ఉన్నాయో లెక్కపెట్టండి!