ద్వారపాలకుని ధర్మం

ప్రవేశ దరఖాస్తులు, ఉపకార వేతనాలు, పరీక్షా ఫలితాలు నేడు ఇంటర్‌నెట్ ద్వారానే సాగుతున్నాయి. కావున ఆ ద్వారం వద్ద జరిగే విచారణ ఎట్లుండాలో విద్యార్థులూ, కళాశాల కమిటీ పెద్దలూ యోచించవలసి ఉన్నదని మేము భావిస్తున్నాము.

గుర్తింపు వేరు, అనుమతి వేరు. మన ఉర్దూ మిత్రులు పహచాన్ వేరు, ఇజాజత్ వేరు అంటారు. వెబ్ నిబంధనలలోనూ ఈ భేదం ఉన్నది. 'నీవెవరో తెలియదు' అనడానికి 401, 'తెలిసినా ఇందుకు నీకు అనుమతి లేదు' అనడానికి 403 అనే సంఖ్యలు ఏర్పడ్డాయి. సికింద్రాబాద్ స్టేషనులో టికెట్టు లేనివానిని కౌంటరుకు పంపడం సబబే. టికెట్టు ఉండి స్త్రీల పెట్టె ఎక్కబోయే పురుషుని కూడా కౌంటరుకే పంపితే ప్రయోజనమేమి? కూడదని అక్కడే చెప్పాలి. అయినా కొన్ని వెబ్‌సైట్లు ఇద్దరినీ లాగిన్ పేజీకే మళ్లిస్తాయి. రెండవవాడు అక్కడికీ ఇక్కడికీ తిరుగుతూనే ఉంటాడు.

లాగిన్ అయినవానిని అతడు కోరిన పేజీకే తిరిగి చేర్చాలి. గడువు చివరి రాత్రి సగం నింపిన దరఖాస్తు మాయమైతే నష్టపోయేది పేద విద్యార్థి. అయితే ఆ తిరుగుదారి సొంత ఆవరణ దాటరాదు. దాటనిస్తే, మోసగాడు అసలు చిరునామా చివర తన పేజీ చిరునామా తగిలించి పాస్‌వర్డు కాజేస్తాడు.

అనుమతి విషయంలో అశ్రద్ధ ఎంత చేటో మన రాష్ట్రం చూచింది. 2022 అక్టోబరు 16న జరిగిన గ్రూప్-1 ప్రాథమిక పరీక్షను పబ్లిక్ సర్వీస్ కమిషన్ 2023 మార్చి 17న రద్దు చేసింది. రహస్య విభాగపు కంప్యూటరు నుండి ప్రశ్నపత్రాలు బయటికి పోయాయని దర్యాప్తు చెప్పింది. నిందితులలో కమిషన్ ఉద్యోగులూ ఉన్నారు. శ్రమ వృథా అయిన అభ్యర్థులు 2,80,000కు పైగా. ఇంటివాడే కదా అని ప్రతి గదీ తెరువరాదు.

మన కళాశాల ఫలితాలను వెబ్‌లో ఉంచే ముందు కమిటీవారు ఒక పరీక్ష జరిపించాలని మా విన్నపం. చిరునామాలోని హాల్‌టికెట్టు సంఖ్య మార్చితే మరొకరి మార్కులు కనబడుతున్నాయా? కనబడితే ఆ లాగిన్ ఉన్నా లేనట్లే. లింకు దాచడం తాళం వేయడం కాదు. ప్రతిసారీ సర్వరే అనుమతిని పరిశీలించాలి. కంప్యూటరు విద్యార్థులు ఈ పనికి ముందుకు రావాలి. అయితే కమిటీ అనుమతి వ్రాతపూర్వకంగా పొందిన తరువాతనే రావాలి. ఇతరుల కంప్యూటర్లలో అనుమతి లేని ప్రవేశాన్ని 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం క్షమించదు.