బండి బరువెంతో ముందు అడగాలి

1985లో మన రోడ్ల మీదికి రెండు బళ్లు వచ్చాయి. ఒకటి హీరో హోండా సీడీ 100, రెండోది ఎస్కార్ట్స్ తయారుచేసిన యమహా ఆర్‌ఎక్స్ 100. రెండింటి ఇంజిన్లూ వంద సీసీ లోపే. ఫోర్ స్ట్రోక్ సీడీ 100 లీటరు పెట్రోలుతో ఎంత దూరం పోవచ్చో చూపించింది. టూ స్ట్రోక్ ఆర్‌ఎక్స్ 100 పికప్ అంటే ఏమిటో చూపించింది. నెల జీతంతో ఇల్లు నడిపేవాళ్లు మొదటిది కొన్నారు, వాళ్ల కొడుకులు రెండోదాని కోసం తహతహలాడారు. సీడీ 100 అడుగుజాడల్లో 1994లో వచ్చిన స్ప్లెండర్ ఈనాటికీ ఊరూరా తిరుగుతోంది. కాలుష్య నిబంధనలు బిగిసేకొద్దీ టూ స్ట్రోక్ బళ్లకు రోజులు చెల్లాయి, 1996లో ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగిపోయింది. ఆఫీసుకొక రకం బండి, సరదాకొక రకం బండి అన్న అభిప్రాయం మాత్రం జనంలో అలాగే ఉండిపోయింది.

ఏడెనిమిదేళ్లుగా స్ప్లెండరో షైనో నడిపి, దాని ఈఎంఐ ఎప్పుడో తీర్చేసి, ఇప్పుడు తర్వాతి బండి కోసం చూస్తున్న ఉద్యోగికి ఈ అభిప్రాయమే అడ్డం పడుతోంది. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి వెళ్లేవారైనా, గాజువాక నుంచి సిరిపురం వెళ్లేవారైనా, విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసేవారైనా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉండేది ఒకే బండికి చోటు. వారంలో ఆరు రోజులు ఆఫీసుకు తీసుకెళ్లాల్సిందీ, ఏడో రోజు అనంతగిరికో అరకుకో తీసుకెళ్లాల్సిందీ ఆ ఒక్క బండే. షోరూమ్‌లో సేల్స్‌మన్, యూట్యూబ్‌లో రివ్యూయర్, ఆఫీసులో స్నేహితుడు ముగ్గురూ 350 సీసీ అనో 400 సీసీ అనో చెబుతారు. సీసీ ఎంత, మైలేజీ ఎంత, ఈఎంఐ ఎంత అని కొనేవారు అడుగుతారు. బండి బరువెంత అని అడిగేవారు అరుదు. నిజానికి మొదట అడగాల్సింది అదే.

ఉదయం తొమ్మిదిన్నరకు జేఎన్‌టీయూ జంక్షన్ నుంచి హైటెక్ సిటీ వైపు కదిలే ట్రాఫిక్‌లో బండి నడపడమంటే సగం సేపు కాళ్లు నేలకు తాకిస్తూ, హాఫ్ క్లచ్‌లో జరుపుకుంటూ పోవడమే. ఆ వేగంలో ఇంజిన్ శక్తి అక్కరకు రాదు. బండి బరువును మోసేది నడిపేవారి తొడలు, మణికట్లు, నడుము. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 160 4వీ బరువు సుమారు 146 కిలోలు. తేడా దాదాపు రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలు. సెల్లార్‌లో రెండు కార్ల మధ్య నుంచి బండిని వెనక్కి లాగేటప్పుడు, ఫ్లైఓవర్ కింద ఇరుకు యూటర్న్ దగ్గర, వాలుగా ఉన్న గల్లీలో సైడ్ స్టాండ్ మీంచి నిలబెట్టేటప్పుడు ఆ బస్తాలు రోజూ ఎత్తి దించాల్సిందే. దానికి వేడి తోడవుతుంది. మే నెలలో పెద్ద సింగిల్ సిలిండర్ ఇంజిన్ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు కాలికి తగిలే సెగ ఎలాంటిదో షోరూమ్ ఏసీలో తెలియదు.

ఆర్‌ఎక్స్ 100ని తలుచుకుని ఇప్పటికీ నిట్టూర్చేవాళ్లు దాని సైలెన్సర్ శబ్దం గురించే మాట్లాడతారు. కానీ దాని హుషారు రహస్యం బరువులో ఉంది. ఆ బండి నూరు కిలోలకు కాస్త అటూ ఇటూ తూగేది, ఇచ్చింది 11 హార్స్‌పవర్. అంటే నూరు కిలోల బరువుకు దాదాపు 11. ఇదే లెక్క ఇప్పటి బళ్లకు కట్టి చూస్తే సీసీ మీద భ్రమ చాలావరకు వదులుతుంది. 112 కిలోల స్ప్లెండర్‌కు నూరు కిలోలకు 7, 123 కిలోల టీవీఎస్ రైడర్ 125కు 9, క్లాసిక్ 350కి 10, అపాచీ 160 4వీకి 12, యమహా ఎంటీ 15కు 13 హార్స్‌పవర్ చొప్పున వస్తాయి. 349 సీసీ బండి కన్నా 98 సీసీ ఆర్‌ఎక్స్ 100 ఈ లెక్కలో ఒక పిసరు ముందే ఉంది! తర్వాతి బండిలో సరదా కావాలనుకునేవారు మొదట చూడాల్సిన అంకె ఇదే.

అయితే బండి ఒక్కటే రోడ్డు మీద పోదు, దాని మీద మనిషి ఉంటాడు. వెనక భార్యో, అమ్మో, స్నేహితుడో ఉంటారు. ఇద్దరికీ కలిపి 140 కిలోలు వేసుకుని మళ్లీ లెక్కిస్తే క్లాసిక్, అపాచీ రెండూ నూరు కిలోలకు 6 హార్స్‌పవర్ దగ్గర సమానమవుతాయి, ఆర్‌ఎక్స్ 100 వెనకబడుతుంది. పైగా క్లాసిక్ ఇంజిన్ 27 న్యూటన్ మీటర్ల టార్క్‌ను 4,000 ఆర్‌పీఎం దగ్గరే ఇస్తుంది. అపాచీది దాదాపు 15, అదీ ఏడు వేలు దాటాకే. కాబట్టి బండి మీద ఎక్కువ భాగం ఇద్దరే తిరుగుతారనుకుంటే, మాటిమాటికీ గేర్లు మార్చే శ్రమ లేకుండా నింపాదిగా లాగే 350కి న్యాయమైన వాదన ఉంది. హంటర్ 350 వచ్చాక ఆ వాదన ఇంకాస్త బలపడింది. అదే ఇంజిన్‌ను 181 కిలోల బండిలో, 790 మిల్లీమీటర్ల ఎత్తు సీటుతో పెట్టారు. ఒంటరిగా ఆఫీసుకు వెళ్లే వ్యక్తికి మాత్రం ఆ టార్క్ కన్నా ఆ కిలోలే ఎక్కువ తెలుస్తాయి.

ఇక 400 సీసీ. ట్రయంఫ్ స్పీడ్ 400 ఇంజిన్ దాదాపు 40 హార్స్‌పవర్ ఇస్తుంది, బరువు 170 కిలోల పైచిలుకే. నూరు కిలోలకు 22, 23 హార్స్‌పవర్ వచ్చే ఈ బండిని నడిపితే మనసు పారేసుకోని వారు ఉండరు. బజాజ్ చేతుల్లో తయారై అందుబాటు ధరలో దొరుకుతున్న అద్భుతమైన ఇంజనీరింగ్ అది. కానీ ఆ శక్తిని ఎక్కడ వాడతారు? 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మోటార్‌సైకిల్‌కు గరిష్ఠ వేగం నాలుగు వరుసల హైవే మీద గంటకు 80 కిలోమీటర్లు, పట్టణ పరిధిలో 60. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్ల పొడవునా ద్విచక్ర వాహనాలకు ప్రవేశమే లేదు. నూట యాభై దాటి పోగల బండిని ఎనభైకి కట్టేసి నడిపితే సరదా తగ్గుతుంది, కట్టు విప్పితే ప్రాణం మీదికి వస్తుంది. మూడో గేరులో ఇంజిన్‌ను ఆసాంతం వాడుకుంటూ అరవైలో పోయే 160 సీసీ బండి ఇచ్చే ఆనందం, అదే అరవైలో నిద్రపోతున్నట్టుండే 400 సీసీ బండి ఇవ్వదు.

శ్రీశైలం దారి చూస్తే ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. హైదరాబాద్ నుంచి రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది, రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అక్కడ రాకపోకలు బంద్. ఉదయాన్నే గేటు తీసే వేళకు చేరుకున్నవారికి ఎండ ముదరకముందే నల్లమల మధ్య నుంచి పోయే ఖాళీ రోడ్డు దక్కుతుంది. ఈగలపెంట దాటాక కృష్ణ దగ్గరికి దిగే మలుపులు, ఆవలి ఒడ్డున సున్నిపెంట వైపు మళ్లీ ఎక్కే మలుపులు, అంతా రెండో గేరు, మూడో గేరు పనే. ఒక మలుపు నుంచి ఇంకో మలుపుకు బండిని ఇటు నుంచి అటు వాల్చేటప్పుడు తేలికపాటి బండి చేతి మాట వెంటనే వింటుంది, బరువైన బండిని బతిమాలుకోవాలి. ఎస్.కోట దాటి అనంతగిరి, గాలికొండ మీదుగా అరకు ఎక్కినా, మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ దిగినా ఇదే అనుభవం. తెలుగు నేల మీద బండి నడపడంలో ఉన్న అసలైన ఆనందమంతా ముప్పై, యాభై కిలోమీటర్ల వేగం మధ్యనే ఉంది.

మరి వంద సీసీ దగ్గరే ఆగిపోతే సరిపోతుందిగా అనవచ్చు. సరిపోదు. దానికి గట్టి కారణం బ్రేకులు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు, అంతకు లోపలివాటికి రెండు బ్రేకులూ కలిపి పనిచేసే సీబీఎస్ ఉంటే చాలన్నారు. ఒక్క హద్దు గీతతో కోట్లాది మామూలు ఉద్యోగుల బళ్లు ఏబీఎస్ లేనివిగా మిగిలిపోయాయి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. తొలకరి వాన పడి నూనె మరకలు పైకి తేలిన రోడ్డు మీద, ఆటో హఠాత్తుగా ఆగినప్పుడు, ముందు చక్రం లాక్ అయితే మనిషి కింద పడతాడు. ఏబీఎస్ ఆ చక్రాన్ని తిరగనిస్తుంది. చాలా బళ్లలో అది ముందు చక్రానికే ఉంటుంది, దొరికితే రెండు చక్రాలకూ పనిచేసే డ్యూయల్ చానెల్ రకమే కొనాలి. బ్లూటూత్ మీటరు కోసం పైసా ఎక్కువ పెట్టేముందు ఇక్కడ పెట్టాలి. 125 సీసీ లోపలే ఆగాలనుకునేవారు కూడా హీరో ఎక్స్‌ట్రీమ్ 125ఆర్ వంటి, ఏబీఎస్ ఉన్న రకం ఎంచుకోవచ్చు.

డబ్బు లెక్కకు వస్తే, నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే ఉద్యోగికి లీటరు 107 రూపాయలనుకుంటే, 65 మైలేజీ ఇచ్చే వంద సీసీ బండికి పెట్రోలు ఖర్చు దాదాపు 1,650 రూపాయలు. 45 ఇచ్చే 160కి 2,380, 35 ఇచ్చే 350కి 3,060, 28 ఇచ్చే 400కి 3,820. వంద నుంచి 160కి మారితే నెలకు ఏడు వందల పైన పెరుగుతుంది, భరించగలిగినదే. 400కి మారితే రెండు వేలు దాటుతుంది. పన్ను కూడా ఈ హద్దులనే పట్టుకుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అది దాటితే 40 శాతం. థర్డ్ పార్టీ బీమా 2022లో ఖరారైన రేట్ల ప్రకారం ఏడాదికి 150 సీసీ దాకా 714 రూపాయలు, 350 దాకా 1,366, ఆపైన 2,804. కొత్త బండికి ఐదేళ్లదీ ఒకేసారి కట్టాలి.

ఎలక్ట్రిక్ మాటేమిటి? ఇంట్లో ఛార్జింగ్ పాయింట్, రెండో బండికి చోటు ఉన్నవారు ఆఫీసుకు ఎలక్ట్రిక్ స్కూటర్ వాడుకుని, సరదాకు పాత పెట్రోలు బండిని ఉంచుకోవడం నిజంగా తెలివైన పని. తెలంగాణలో 2026 డిసెంబరు 31 దాకా ఎలక్ట్రిక్ బళ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. ఒకే బండి ఉండేవారికి శ్రీశైలం వెళ్లి రావడం దగ్గర ఛార్జింగ్ చిక్కు వస్తుంది.

టెస్ట్ రైడ్‌ను షోరూమ్ చుట్టూ తిప్పి వదిలేయకూడదు. ఉదయం రద్దీలో, రోజూ వెళ్లే దారిలో కొంత దూరమైనా నడపనివ్వమని గట్టిగా అడగాలి. ఇంజిన్ ఆపి పది అడుగులు వెనక్కి తోసి చూడాలి. రోజూ వెనక కూర్చునే మనిషిని తప్పకుండా తీసుకెళ్లాలి. యువకుల కోసం చేసిన చాలా బళ్లలో వెనక సీటు పీటంత, అదీ ముందు సీటుకు జానెడు ఎత్తున ఉంటుంది. చీర కట్టుకుని పక్కకు తిరిగి కూర్చునే అమ్మకు అక్కడ పట్టుకోవడానికి ఏమీ దొరకదు. చీర గార్డు అడిగినా, లుక్ పోతుందని విప్పేసే షోరూములున్నాయి. కొనేవారే పట్టుబట్టి పెట్టించుకోవాలి. జిల్లాల్లో ఉండేవారు ఇంకో సంగతి కనుక్కోవాలి, సర్వీస్ సెంటర్ ఎంత దూరంలో ఉందో. లిక్విడ్ కూలింగ్ ఉన్న బండి దారిలో ఆగిపోతే ప్రతి ఊరి మెకానిక్ చేయి పెట్టలేడు.

ఇన్ని చూసుకున్నాక మిగిలేవి 150, 160 సీసీ బళ్లే, అవీ రాజీలతోనే. 140 కిలోల లోపు తూగే హోండా యూనికార్న్‌కు పొడవాటి బల్లపరుపు సీటుంది, హుషారు తక్కువ. ఎంటీ 15కు హుషారుంది, వెనక సీటు కష్టం. అపాచీ, హీరో ఎక్స్‌ట్రీమ్ 160ఆర్ మధ్యస్థంగా ఉండి చాలామందికి సరిపోతాయి. తయారీదారులు మోడల్‌కో కొత్త రంగు, ఏడాదికో కొత్త స్టిక్కర్ తెస్తున్నారు గానీ 125 కిలోల బరువు, 16 హార్స్‌పవర్, డ్యూయల్ చానెల్ ఏబీఎస్, ఇద్దరు హాయిగా కూర్చునే సీటు ఉన్న బండి మాత్రం ఇంకా తేలేదు. కొనేవాళ్లు షోరూమ్‌లో అడుగుపెట్టగానే బరువెంత అని అడగడం మొదలుపెడితే, ధర పక్కన కిలోలు కూడా రాసిపెట్టే రోజు త్వరగానే వస్తుంది.